చందా

తెలుగువారి యిండ్లలో చందా అను మాట పాతది. దేవుని కల్యాణమునకు చందా, వినాయకచవితి పందిరికి చందా, ఊరి గ్రంథాలయమునకు చందా, పత్రికకు చందా. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో నెలకొల్పిన ఆంధ్రపత్రిక మొదలుకొని 1947 జూలైలో మదరాసునుండి తొలి సంచిక వెలువడిన చందమామ వఱకు ఎన్నియో పత్రికలు చందాదారులను నమ్ముకొనియే బ్రతికినవి. ఆ చందాలన్నిటికిని ఒక సామాన్యలక్షణ ముండెను. ఎవరైనను రసీదు పుస్తకముతో గుమ్మమునకు వచ్చి అడుగవలెను. లేనిచో ఇంటి యజమాని తపాలా కచేరికి పోయి, మనియార్డరు ఫారము నింపి, సొమ్ము చెల్లింపవలెను. అడుగువా డడిగినపుడు, ఫారము నింపువాడు కలము పట్టినపుడు, "ఈ యేడు కట్టవలెనా?" అను తలపు ఒక్క క్షణమైనను కలుగకుండునా? ఆ పత్రిక నెవరు చదువుచున్నారు, చదివినవారికి సంతోషము కలిగినదా, ఇంటిలో ఇంకేమి ఖర్చులున్నవి అను లెక్క ఆ క్షణముననే తేలుచుండెను.

చలనచిత్రములను, ధారావాహికలను, ఆటలను అంతర్జాలము మీదుగా ఇంటికి పంపు సంస్థలకు కట్టు చందా అట్టిది కాదు. ఒక్కనాడు ఒక్క మీట నొక్కి సమ్మతి తెలిపినచో చాలును. ఆపైన నెలనెల, లేక యేటేట, బ్యాంకు ఖాతానుండి సొమ్ము తానే పోవుచుండును. గుమ్మములో ఎవరును నిలువరు. రసీదు పుస్తకము కనబడదు. పూర్వము చందా కట్టుటకు పూనుకొనవలసి యుండెను. ఇపుడు కట్టకుండుటకు పూనుకొనవలసి యున్నది. ఇది స్వల్పమైన మార్పు కాదు. ఏ నిర్ణయమును చేయని యిల్లు కట్టుటకే నిర్ణయించినట్లగును.

ఈ సంస్థలు భారతదేశమున పాదుకొనుటకు పదేండ్లు పట్టలేదు. హాట్‌స్టార్ 2015లోను, నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలోను, అమెజాన్ వారి ప్రైమ్ వీడియో ఆ సంవత్సరము డిసెంబరులోను ఈ దేశమున ఆరంభమైనవి. తెలుగువారి కొఱకే ఆహా అను సంస్థ 2020లో వెలసెను. ఆ యేటనే కరోనా వ్యాధి వలన సినిమాహాళ్లు మూతపడెను. నాని నటించిన "వి" అను చిత్రము 2020 సెప్టెంబరు 5వ తేదీని హాలు ముఖమే చూడక నేరుగా ఇండ్లలోని తెరలమీద విడుదలయ్యెను. కొత్త సినిమా చూచుటకు ఇల్లు కదలనక్కఱలేదను అనుభవము తెలుగు ప్రజలకు అపుడు కలిగెను. నిర్బంధకాలమున అలవడినది నిర్బంధము తొలగిన పిదపకూడ నిలిచిపోయెను.

ఇట్టి యిండ్లు వేలకొలది యున్నవి. వానికి మచ్చుగా తెనాలిలో ఒక కుటుంబమును ఊహింపవచ్చును. తండ్రి ఒక వ్యాపారసంస్థలో గుమాస్తా. తల్లి ఇంటియందే కుట్టుమిషనుమీద రవికెలు కుట్టును. కూతురు ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము, కొడుకు ఎనిమిదవ తరగతి. నాయనమ్మకు డెబ్బదియాఱేండ్లు, మోకాళ్ల నొప్పులు, కొంత చెవుడు. ఒకనాటి సాయంకాలము తండ్రి సెల్‌ఫోనునకు ఒక సందేశము వచ్చెను. మఱునాడు ఖాతానుండి 1499 రూపాయలు పోవునని అందుండెను.

ఈ సందేశము సంస్థ దయతో పంపినది కాదు. ఇట్లు తానుగా పోవు చెల్లింపుల విషయమున సొమ్ము తీయుటకు కనీసము 24 గంటల ముందు ఖాతాదారునకు తెలుపవలెననియు, వలదనుకొన్నవాడు ఆపుకొనుటకు వీలుండవలెననియు రిజర్వు బ్యాంకు విధించిన నియమము 2021 అక్టోబరునుండి అమలులో నున్నది. రసీదు పుస్తకముతో గుమ్మమునకు వచ్చిన మనిషికి బదులుగా ఈ కాలమున మిగిలినది ఆ చిన్న సందేశమొక్కటియే. అనేకులు దానిని చదువకయే తుడిచివేయుదురు.

ఈ గుమాస్తా చదివెను. చదివి, "రేపటినుండి అన్నియు బంద్" అనెను.

కొడుకు ముఖము చిన్నబుచ్చుకొనెను. కూతురు మాత్రము, "నాన్నగారూ, అన్నియు అనగా ఎన్నో మీకు తెలియునా?" అని అడిగెను. ఆయనకు తెలియలేదు. వెదకి చూడగా మూడు తేలెను. ఏటికి 1499 రూపాయల చందా ఒకటి. నెలకు 199 రూపాయల చందా మఱియొకటి. అది యేడాదికి 2388 రూపాయలగును. మూడవది ఏ క్రికెట్టు పోటీల నాడో 600 రూపాయలకు తీసికొని మఱచినది. మొత్తము 4487 రూపాయలు. ఒక ఇంటిలో ఎన్ని చందాలున్నవో ఇంటి యజమానికే తెలియకుండుట ఈ పద్ధతిలోని మొదటి దోషము. ఆ దోషము మూడు వంతులు సంస్థలది. ఒక వంతు యజమానిది.

ధరల చరిత్ర కూడ గమనింపదగినది. అమెజాన్ ప్రైమ్ చందా 2016లో ఏటికి 499 రూపాయలు. 2017లో 999 రూపాయలయ్యెను. 2021 డిసెంబరులో 1499 రూపాయలకు పెరిగెను. అదే మాసమున నెట్‌ఫ్లిక్స్ తన ధరలను తగ్గించెను. 499 రూపాయలకిచ్చు సామాన్య చందాను 199కి దింపెను. పోటీ యున్నచోట ధర పెరుగుటయే కాక తగ్గుటయు కలదు. కాని తగ్గుదల యొక చేత నిచ్చుచు వేఱొక చేత పుచ్చుకొన్న సందర్భములును లేకపోలేదు. తన యింటివారు కాని వారితో చందాను పంచుకొను వాడుకను నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో ఈ దేశమున ఆపివేసెను. ప్రైమ్ వీడియో 2025 జూన్ 17నుండి తన చిత్రముల నడుమ వాణిజ్యప్రకటనలను చొప్పింప సాగెను. అవి వలదన్నవారు అదనముగా చెల్లింపవలెను. ప్రకటనల బాధ లేకుండుటకే కదా పలువురు చందా కట్టినది! చందాదారుడు ఒకనాడు ఒప్పుకొన్న బేరమును, మఱునాటి బేరమును ఒకటి కావు. అందుచేతనే ఈ ప్రశ్నను ఒక్కసారి తేల్చి ఊరకుండుటకు వీలులేదు.

చందాను సమర్థించువారు సాధారణముగా ఒక లెక్క చెప్పుదురు. ఏటికి 1499 రూపాయలనగా రోజునకు నాలుగు రూపాయల పైచిల్లర. ఒక టీ ఖరీదుకూడ కాదు. ఐదుగురు హాలునకు పోయినచో, టిక్కెట్టు 150 రూపాయలైనను, ఒక్క ఆటకే 750 రూపాయలు; రెండాటల సొమ్ముతో ఏడాది పొడవున ఇంటిలో చూడవచ్చునని వారి వాదము. ఈ లెక్క తప్పు కాదు, చాలదు. 365 చేత భాగించినచో ఏ ఖర్చైనను చిన్నదిగానే కనబడును. వడ్డీవ్యాపారులకు ఈ కిటుకు తరతరములనుండి తెలియును. నూటికి నెలకు రెండు రూపాయలన్నపుడు తేలికగా తోచినది ఏడాది తిరిగినపుడు నూటికి ఇరువదినాలుగై కూర్చుండును.

కావున ఆ యింటిలో కూతురు వేఱొక విధముగా లెక్క వేయ దలచెను. ఆ యేటి చందాను తండ్రి ఒక నెలకు మాత్రమే కట్టెను. పాల లెక్క వ్రాయు పుస్తకములో వెనుక పుటను తీసికొని, ఎవరు ఏది ఎంతసేపు చూచిరో ఒక నెల పాటు ఆమె వ్రాసెను. నెల చివర కొడుకు పేరున 34 గంటలు, తన పేరున 18, తండ్రి పేరున 3 వచ్చెను. నాయనమ్మ పేరున 22 గంటలు. తల్లి పేరున సున్న.

55 గంటలకు గాను మూడు చందాల నెలభాగము సుమారు 374 రూపాయలు. గంటకు ఏడు రూపాయలకన్న తక్కువ. తండ్రి చేసిన "దండుగ" అను ఆరోపణ ఈ లెక్క ముందు నిలువలేదు. తెనాలిలో ఇంత చౌకగా గంటసేపు వినోదము దొరకు చోటు, కాలువగట్టు తప్ప, వేఱొకటి లేదేమో.

అయినను ఈ గంటల లెక్కలో ఒక చిక్కున్నది. ఎక్కువ చూచినకొలది గంట ఖరీదు తగ్గుచుండును. 34 గంటలు చూచినవాడు 68 గంటలు చూచినచో ఇంటికి లాభము కలిగినట్లే ఈ లెక్క చెప్పును! పెండ్లివిందులో వడ్డించిన ప్రతిదానిని తినకున్న నష్టమనుకొని, ఇంటికి వచ్చి వాము నమలువాని తెలివి ఇట్టిదే. కట్టిన సొమ్ము తిరిగి రాదు. చూచినను రాదు, చూడకున్నను రాదు. "డబ్బు కట్టితిమి కదా" అని చూచిన గంటకు డబ్బుతో పాటు గంటయు పోవును.

కనుక గంటలను ఖరీదులో కాక, అవి ఎక్కడనుండి వచ్చినవో చూచి కొలువవలెను. కొడుకు చూచిన 34 గంటలలో 19 గంటలు రాత్రి పది దాటిన తరువాతవి. ఆదివారము మధ్యాహ్నము చూచిన రెండు గంటలు ఏ పనినుండియు దొంగిలింపబడినవి కావు. బుధవారము రాత్రి పదిన్నరకు మొదలైన గంట మాత్రము నిద్రనుండి వచ్చినది. ఆ మఱునాటి ఉదయము లెక్కల తరగతిలో అది తిరిగి వసూలగును.

దీనికి బాలుని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఒక భాగము ముగియగానే, చూచువాడు వలదనకున్నచో, కొన్ని క్షణములలో తరువాతి భాగము తానుగా మొదలగునట్లు ఈ యంత్రములు అమర్పబడియుండును. సినిమాహాలులో ఆట ముగిసినపుడు దీపములు వెలుగును, తలుపులు తెఱచుకొనును. లేవవలెనని ఎవరును చెప్పనక్కఱలేదు. ఇంటి తెరకు అట్టి ముగింపు లేదు. తమకు గట్టి పోటీదారు ఇతర సంస్థలు కావు, మనుష్యుని నిద్రయే అని 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ బహిరంగముగనే పలికెను. ఆ మాట హాస్యమునకు పలికినదైనను, పలికినవాడు వ్యాపారము తెలిసినవాడు. పదుమూడేండ్ల బాలుడు ఒకవైపు, ప్రపంచమునందలి నిపుణులైన యంత్రశిల్పులు మఱియొకవైపు నిలిచి రాత్రి పదిన్నరకు చేయు పోరాటములో ఎవరు గెలుతురో చెప్పనక్కఱలేదు.

ఇంటివారికిని కొన్ని సాధనములు లేకపోలేదు. తరువాతి భాగము తానుగా మొదలుకాకుండ నిలుపు ఏర్పాటు పెక్కు సంస్థల అమరికలలో నున్నది. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము వెలువరించిన నిబంధనల ప్రకారము ప్రతి చిత్రమును అందఱికి, 7 ఏండ్లు పైబడినవారికి, 13 ఏండ్లు పైబడినవారికి, 16 ఏండ్లు పైబడినవారికి, పెద్దలకు మాత్రమే అని ఐదు తరగతులుగా చూపవలెను. 13 ఏండ్లు, అంతకు మించిన తరగతులకు తల్లిదండ్రులు తాళము వేసికొను వీలు కల్పింపవలెను. తాళము కలదు. వేసిన యిండ్లు ఎన్ని? అమరికల పుట ఎక్కడ నున్నదో పిల్లలకు తెలియును, పెద్దలకు తెలియదు. ఆ యింటిలోను దానిని వెదకి చూపినది కొడుకే. తనకు తానే సంకెల తెచ్చి యిచ్చినవాని నిజాయితీని తండ్రి ఆనాడు మెచ్చుకొనక పోవుట లోపమనియే చెప్పవలెను.

నాయనమ్మ గంటల సంగతి విచిత్రమైనది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. కొత్త చిత్రములలోని సంభాషణ ఆమెకు గొణుగుడుగా తోచును. పాత చిత్రములు మాత్రమే ఆమె "వినగలదు". ఏలయన 1955 నాటి మిస్సమ్మ, 1957 నాటి మాయాబజార్ ఆమెకు కంఠస్థము. తెరపై పెదవులు కదలగానే మాటలు ఆమెకు లోపలినుండి వినవచ్చును. ఆమె 22 గంటలును ఇట్టివే. "మీరందఱును ఆపివేయుడు గాని, ముసలిదాని కోసమైన ఉంచుడు" అని తల్లి మొదట పలికెను. ఆ మాట విని తండ్రి మెత్తబడెను. వృద్ధులకును, ఇల్లు కదలలేని వారికిని తోడుగా నుండుట ఈ చందాకు గల గట్టి సమర్థన.

కాని పుస్తకములో చూచినపుడు తేలినది వేఱు. నాయనమ్మ చూచిన 22 గంటలలో ఒక్క గంటయు చందా కట్టిన సంస్థలది కాదు. మనుమరాలు ఆమెకు చూపినవన్నియు యూట్యూబునందు ఉచితముగా దొరకినవే. ఆమె పేరుచెప్పి ఉంచదలచిన చందాను ఆమె వాడనేలేదు. ఇంటిలో బలహీనులగువారి పేరుమీద బలవంతులు తమ కోరికలను నిలుపుకొనుట సంసారములలో కొత్త కాదు. ఇక్కడ అది తెలియకయే జరిగెను. నాయనమ్మకు కావలసినది చందా కాదు, రిమోటు మీట నొక్కి సినిమా పెట్టియిచ్చు మనిషి.

మఱి తల్లి పేరున సున్న ఎట్లు వచ్చెను? ఆమె చూడలేదని కాదు. రవికెలకు హుక్కులు కుట్టుచు కొడుకు పెట్టినదానిలో కొంత, కూతురు పెట్టినదానిలో కొంత చూచుచునే యుండెను. నెల రోజులలో ఒక్కమారైనను తన కిష్టమైనది తాను పెట్టుకొనలేదు. పుస్తకము వ్రాసిన కూతురునకు ఎవరు ఎంచుకొనిరో వారి పేరున గంటలు వేయుట అలవాటు. అందుచే తల్లికి ఏమియు మిగులలేదు. "ఇంటిల్లిపాదికి" అని చెప్పి కట్టిన చందా ఎవరికి ముట్టుచున్నదో ఆ సున్న చూచిననాడే ఆ యింటివారికి తెలిసెను. సొమ్మును గూర్చి ఎంత చర్చ జరిగినను బయటపడని సంగతి అది.

కూతురు పక్షమునను ఒక వాదమున్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. కళాశాలలో తోటివారందఱును ఒక ధారావాహికను గూర్చి ముచ్చటించునపుడు, దానిని చూడని పిల్ల వేఱుపడును. ఒకప్పుడు పత్రికలో వచ్చు సీరియలు నవలను గూర్చి చెఱువుగట్టున, బావివద్ద ఆడువారు ముచ్చటించుకొనుచుండిరి. పత్రిక తెప్పించుకొనలేని వారు పొరుగింటినుండి ఎరవు తెచ్చి చదువుచుండిరి. పత్రికను ఎరవిచ్చుట మర్యాద. ఈ చందాను ఎరవిచ్చుట మాత్రము నిబంధనలకు విరుద్ధము. పొరుగువారి సంకేతపదమును పట్టుకొని చూచుట, దొంగప్రతులు దింపుకొని చూచుట పెద్ద తెలివిగా కొందఱు చెప్పుకొందురు. దొంగప్రతులు తీయుట, పంచుట 2023లో సవరించిన సినిమాటోగ్రాఫు చట్టము క్రింద మూడు మాసములనుండి మూడేండ్ల వఱకు కారాగారశిక్షకు తగిన నేరము. చూడదలచినచో కట్టి చూడవలెను, కట్టనిచో చూడకుండవలెను. ఇందు చర్చకు తావులేదు.

మానిన గంటలను దేనితో నింపవలెనను ప్రశ్న వచ్చినపుడు తండ్రి గ్రంథాలయము పేరెత్తెను. తెలుగు తండ్రులు ఎత్తు పేరే అది. పిల్లలు నవ్వుకొను పేరును అదే. కాని ఒక విషయము వారెవరికిని తెలియదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ప్రకారము ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును ప్రతి యింటినుండి వసూలు చేయుచున్నారు. అనగా ఆ కుటుంబమునకు ఉన్న చందాలు మూడు కాదు, నాలుగు. ఆ నాలుగవదానిని రద్దు చేయు మీట యే ఫోనులోను లేదు. ఏటేట కట్టుచు, ఒక్క గంటయైన వాడని చందా నిజముగా అదియే! "దండుగ" అను మాటను ఆ తండ్రి మొదట దానిమీద ప్రయోగింపవలసి యుండెను. అట్లే నెలచందా లేని దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ప్రసారములును, 2024 నవంబరులో ప్రసారభారతి ఆరంభించిన వేవ్స్ అను వేదికయు కలవు. అవి మిగిలినవానికి సాటి యగునా అన్నది చూచువారి రుచినిబట్టి యుండును. ఉన్నవని తెలియుట మాత్రము అవసరము.

ఇన్ని సంగతులు చూచిన పిదప, "అన్నియు బంద్" అను తండ్రి మాటయు, "అన్నియు ఉండనిండు" అను కొడుకు మాటయు రెండును తొందరపాటే. చందాలు ధాన్యమువలె నిలువ చేసికొనవలసినవి కావు. నెలకు కట్టు చందాను కావలసిన నెల కట్టి, చూడదలచినది చూచి, ఆపివేయవచ్చును. ఆపివేసినను కట్టిన గడువు తీరువఱకు చూచుటకు సాధారణముగా ఆటంక ముండదు. మఱల కావలసినపుడు మఱల చేరవచ్చును. వేసవి సెలవులలో రెండు నెలలు కట్టి, పరీక్షల కాలమున మానుట ఏ విధముగను అవమానకరము కాదు. ఏటి చందా విషయమున చిన్న లెక్క కలదు. ప్రైమ్ చందా 2023నుండి నెలకు 299 రూపాయలు. ఐదు నెలలకు 1495 రూపాయలగును. ఏడాదిలో ఐదు నెలలకన్న ఎక్కువ వాడు కుటుంబమునకు ఏటి చందా మేలు; అంతకు తక్కువైనచో నెలల వంతున కట్టుట మేలు. ఎనిమిదవ తరగతి బాలుడు వేయగల లెక్కయే. ఆ యింటిలో వేసినదియు అతడే.

అయితే ఏ పద్ధతి నవలంబించినను తానుగా సొమ్ము పోవు ఏర్పాటును తొలగించుట మొదటి పని కావలెను. అపుడే సంవత్సరమునకు ఒకమారైనను కుటుంబము కూర్చుండి మాటలాడుకొనును. ఆ మాటలలో సొమ్ము కట్టువానికొక్కనికే తీర్పు వదలరాదు. అతడు చూచినది నెలకు మూడు గంటలు. ఎక్కువ చూచువానికిని వదలరాదు. అతనికి ఆకలి యెక్కువ. పుస్తకములో సున్న వచ్చినవారిని మొదట అడుగుట మంచిది.

ఆ యింటిలో తల్లిని అడిగినపుడు ఆమె కొంతసేపు ఏమియు చెప్పలేదు. తుదకు, ఆదివారము సాయంకాలము ఆఱు మొదలు తొమ్మిది వఱకు టీవీ తనదనియు, అపుడు కుట్టుమిషనుమీద మూత తీయననియు చెప్పెను. ఎవరును కాదనలేదు.

ఆ రాత్రి మూడవ చందాను ఆపివేసిరి. నెల చందాను కూతురు పరీక్షలు ముగియువఱకు నిలిపిరి. అందుకు ఆమెయే సమ్మతించెను. ఏటి చందా విషయమున లెక్క ప్రకారము ఏడాదికి కట్టుటయే లాభమని తేలినందున మఱి యొక యేడు కట్టిరి. కాని తానుగా పోవు ఏర్పాటును తీసివేసిరి. తరువాతి భాగము తానుగా మొదలుకాకుండునట్లు కొడుకు అమర్చెను. పది గంటల నియమము మాత్రము పూర్తిగా కుదరలేదు. శనివారమునకు మినహాయింపు కావలెనని అతడు, వలదని తండ్రి వాదించుచునే యుండిరి. వంటింటి గోడమీది క్యాలెండరులో, పాలు రాని రోజులు, గ్యాసు బండ వచ్చిన తేదీ వ్రాయు చోట, చందా గడువు తీరు దినమును నాయనమ్మకు సయితము కనబడునంత పెద్ద అక్షరములతో కూతురు ఎఱ్ఱసిరాతో వ్రాసి పెట్టెను.